కన్ను కణత వైపు తిరగకపోతే

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పిల్లలు టీవీ చూసేటప్పుడో, హోంవర్కు రాసుకునేటప్పుడో ముఖం ఒక పక్కకు తిప్పి ఓరగా చూస్తూ వుంటే మనం ఏం చేస్తాం? "తిన్నగా చూడవే! ఏమిటా వంకర చూపు?" అని వంటింట్లోంచే ఓ కేక వేస్తాం. పిల్ల కాసేపు తల నిలబెడుతుంది. మనం అటు తిరగగానే ముఖం మళ్ళీ పక్కకు పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినటం లేదని మనకు కోపం వస్తుంది. ఒకటి రెండు మొట్టికాయలు కూడా పడతాయి.

అలాంటి తొమ్మిదేళ్ళ పాపను ఒక తల్లి నా దగ్గరకు తీసుకొచ్చింది. అదీ స్కూల్లో టీచరు పట్టుబట్టి చెప్పి పంపితే. "దీనికి వయ్యారం ఎక్కువ డాక్టరుగారూ, కన్ను బాగానే వుంది" అంది. ఇంట్లో వున్న పాత ఫోటోలు తెమ్మన్నాను. మొదటి పుట్టినరోజు, తిరుపతిలో గుండు, అక్షరాభ్యాసం, పిన్ని పెళ్ళి – అన్నింట్లోనూ పాప ముఖం ఎడమ పక్కకే తిరిగి వుంది. "ఏడాది పిల్లకు వయ్యారం ఎక్కడిదమ్మా?" అన్నాను. ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అనవసరంగా ఎన్నిసార్లు కొట్టానో" అంది.

ఆ పాప ఎడమ కన్ను ఎడమ పక్కకు, అంటే కణత వైపుకు తిరగదు. ముఖం ఎడమకు తిప్పుకుంటే ఎదురుగా వున్నది చూడటానికి కళ్ళు రెండూ కుడికి జరిగితే చాలు. కుడికి ఆ కన్ను బాగానే జరుగుతుంది. అందుకని తనకు తెలియకుండానే పాప తల తిప్పటం నేర్చుకుంది. అది చెడ్డ అలవాటు కాదు, రెండు కళ్ళనూ కలిపి వాడుకోవటానికి ప్రకృతి చూపించిన ఉపాయం.

ఇంకో ఇంట్లో సంగతి చెబుతాను. అరవై దాటిన ఒక అత్తగారు. షుగరు వుంది. ఒకరోజు తెల్లవారి లేచేసరికి తులసికోట రెండుగా కనిపించింది. గుమ్మం దాటబోతే ఏది అసలు గుమ్మమో తెలియలేదు. కోడలు చూసేసరికి ఆవిడ కుడి కన్ను ముక్కు వైపుకు ఒరిగి వుంది. ఇరుగుపొరుగు వచ్చి దిష్టి అన్నారు, పక్షవాతం అన్నారు. అందరూ హడలిపోయారు.

పాపకూ, ఈ అత్తగారికీ పైకి కనిపించే లోపం ఒక్కటే. కానీ కారణాలు వేరు, చేయవలసిన వైద్యం వేరు. ఆ తేడా ఏమిటో, ఆపరేషన్ ఎవరికి అవసరమో, అది ఏం ఇస్తుందో, ఏం ఇవ్వలేదో ఈ రోజు చెప్పుకుందాం.

ముందు కన్ను ఎలా తిరుగుతుందో చూద్దాం. మన ఇళ్ళల్లో శుభకార్యానికి షామియానా వేస్తారు కదా. కర్ర నిలబెట్టి నాలుగు వైపులా తాళ్ళు లాగి కడతారు. కనుగుడ్డుకు కూడా అలాగే పైన ఒకటి, కింద ఒకటి, ముక్కు వైపు ఒకటి, కణత వైపు ఒకటి – నాలుగు కండరాలు పట్టీల్లాగా అంటుకుని వుంటాయి. ఇవికాక ఏటవాలుగా పోయేవి మరో రెండు. మొత్తం ఆరు. కణత వైపు కండరం లాగితే కన్ను బయటికి తిరుగుతుంది. ముక్కు వైపు కండరం లాగితే లోపలికి తిరుగుతుంది. రెండూ సమానంగా బిగిసి వుంటే కన్ను నడిమధ్యన నిలుస్తుంది.

మెదడు నుంచి బయల్దేరే పన్నెండు జతల నరాలలో ఆరవది కణత వైపు కండరం కోసమే వుంది. దానికి వేరే పని లేదు. ఆ నరం దెబ్బతింటే ఆ ఒక్క తాడూ సడలిపోతుంది. అప్పుడు షామియానా కర్ర ఏమవుతుంది? రెండో పక్కకు ఒరుగుతుంది. కన్ను కూడా అంతే, ముక్కు వైపుకు ఒరుగుతుంది. ఒక కన్ను ఎదురుగానూ, ఒక కన్ను పక్కకూ చూస్తే ఒక్క వస్తువే రెండుగా కనిపిస్తుంది. దగ్గర వస్తువు కంటే దూరపు వస్తువు దగ్గర ఈ బాధ ఎక్కువ. పుస్తకం చదివేటప్పుడు ఎవరికైనా కళ్ళు రెండూ కాస్త లోపలికే తిరుగుతాయి గనుక అప్పుడు లోపం అంతగా తెలియదు. వీధిలో వచ్చే బస్సు మాత్రం రెండు బస్సులవుతుంది.

ఇంట్లో ఎవరైనా "నాకు రెండుగా కనిపిస్తోంది" అంటే వెంటనే ఒక కన్ను అరచేత్తో మూసి చూడమనండి. తరువాత రెండోది. ఏ కన్ను మూసినా రెండు బొమ్మలు ఒకటైపోతే, రెండు కళ్ళూ ఒకే చోటికి చూడటం లేదన్నమాట. ఒక కన్ను మూసినా తెరిచివున్న కంటికి ఇంకా రెండుగానే కనిపిస్తే లోపం ఆ కంటిలోనే వుంది. శుక్లం వంటి కారణాల వల్ల అలా కావచ్చు. ఈ ఒక్క ముక్క డాక్టరుకు చెబితే సగం పని అయినట్టే.

ఇక కారణాలు. పెద్దవయసు వాళ్ళలో షుగరు, రక్తపోటు ముఖ్యమైనవి. నరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోతాయి. ఇలా వచ్చినది చాలామందికి సాధారణంగా మూడు నెలల్లో, కొందరికి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. మన అత్తగారికి అలాగే పది వారాల్లో తగ్గింది. ఆవిడకు కంటి ఆపరేషన్ చేయలేదు, షుగరును అదుపులో పెట్టారు, అంతే. ఇంకొందరికి తలకు దెబ్బ తగిలినప్పుడు వస్తుంది. తలలో ఒత్తిడి పెరిగినా ఈ నరం నలిగిపోతుంది. మెదడు అడుగు నుంచి కంటి వరకు ఎముక మీదుగా సాగి వచ్చే నరం ఇది. అందుచేత లోపల గడ్డ వున్నా, మెదడు పొరలకు క్షయ వంటి జబ్బు చేసినా మొదట కన్ను ఒరగవచ్చు.

అందుకే ఒక హెచ్చరిక. కన్ను ఒరగటంతో పాటు విడవని తలనొప్పి, వాంతులు, మగత, జ్వరం, రెప్ప వాలిపోవటం, కాలో చెయ్యో బలహీనం కావటం – వీటిలో ఏది వున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్నపిల్లల్లో నిన్నటిదాకా బాగున్న కన్ను ఇవాళ ఒరిగితే అసలు ఆలస్యం చేయకూడదు. అది కంటి జబ్బు కాకపోవచ్చు, మెదడు పంపిన కబురు కావచ్చు. డాక్టరు తలకు స్కానింగు రాస్తే "కంటికి చూపిస్తే తలకు రాశాడేమిటి" అని సణుక్కోకండి.

కారణం తెలిసి, దాని వైద్యం జరుగుతూ వుంటే, కంటి సంగతి ఆరు నెలలు కనిపెట్టుకుని వుండమంటారు. చాలామందికి ఇది నచ్చదు. కానీ నరం తిరిగి కోలుకునే అవకాశం వుండగా కత్తి పట్టకూడదు. నేడు సరిచేసి కుట్టిన కన్ను, రేపు నరం కోలుకుంటే రెండో వైపు ఒరిగిపోతుంది. ఈలోగా రెండుగా కనిపించే బాధ తప్పించటానికి ఒక కంటికి గంత కడతారు, లేదా కళ్ళజోడుకు పట్టకపు పొర అంటిస్తారు. చిన్నపిల్లలకు మాత్రం గంత డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే కట్టాలి. వాళ్ళ మెదడు రెండు బొమ్మల గొడవ పడలేక ఒరిగిన కంటిని వాడటమే మానేస్తుంది. అలా మానేసిన కన్ను చూపు మందగించి సోమరి కన్ను అవుతుంది. వయసు పెరిగే కొద్దీ దాన్ని బాగుచేయటం కష్టం.

గంత కట్టుకున్న వాళ్ళకు దూరం, లోతు సరిగ్గా తెలియవు. గ్లాసులో పోసే పాలు గట్టు మీద పడతాయి. మెట్టు వుందనుకున్నచోట వుండదు. కాబట్టి ఆ ఆరు నెలలు వేడినూనె దగ్గర, కత్తిపీట దగ్గర, స్కూటరు మీద చాలా జాగ్రత్త. ఆ పనులు ఇంట్లో ఇంకొకరు అందుకోవాలి. ఇంటి ఇల్లాలికే ఇలా వస్తే ఈ మాట ఆవిడ చెప్పుకోలేదు, అందుకని నేను చెబుతున్నాను.

ఆరు నెలలు గడిచినా కన్ను అలాగే వుండి, రెండు మూడుసార్లు కొలిచి చూసినా మార్పు లేకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. డాక్టరు ముందుగా చూసేది – కణత వైపు కండరంలో కొంచెమైనా ప్రాణం వుందా, లేదా?

కొంచెం బలం మిగిలి వుంటే పని సులువు. మనం జాకెట్టు బిగుతైతే కుట్టు విప్పి వదులు చేస్తాం, వదులైతే లోపలికి పట్టి కుడతాం కదా, అలాగే. ముక్కు వైపు కండరాన్ని గుడ్డు మీద అది అంటుకున్నచోట విడదీసి, కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతారు. దాని పట్టు సడలుతుంది. కణత వైపు కండరాన్ని కొంచెం పొట్టి చేసి బిగించి కుడతారు. ముక్కు వైపు కండరం నల్లగుడ్డు అంచుకు సుమారు అయిదున్నర మిల్లీమీటర్ల దూరంలో మొదలవుతుంది. ఇంత చిన్నచోట ఒక్క మిల్లీమీటరు తేడా కూడా లెక్కకు వస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు అన్నిసార్లు కొలతలు తీస్తారు.

కణత వైపు కండరం పూర్తిగా పడిపోతే? ఎంత బిగించినా అది లాగదు. అప్పుడు పక్కవాళ్ళ సాయం అడగాలి. షామియానాకు తూర్పు తాడు తెగిపోయిందనుకోండి. ఉత్తరం తాడునూ, దక్షిణం తాడునూ కొంచెం కొంచెం తూర్పుకు జరిపి కడితే రెండూ కలిసి కర్రను అటు లాగుతాయి. కంటిలో కూడా పైకండరం, కిందికండరం – ఈ రెంటినీ కణత వైపుకు మళ్ళించి కుడతారు. ఈ ఆలోచన కొత్తది కాదు. హమ్మెల్‌షైమ్ అనే జర్మను వైద్యుడు 1907 లోనే ఆ కండరాలను సగానికి చీల్చి, సగభాగాలను ఇటు తిప్పి చూపించాడు.

సగమే ఎందుకు, మొత్తం తిప్పితే ఇంకా బలం కదా అంటారేమో. ఇక్కడే ఒక చిక్కు వుంది. ఈ కండరాలు కన్నును తిప్పటమే కాదు, కంటి ముందుభాగానికి రక్తం కూడా మోసుకొస్తాయి. సాధారణంగా కణత వైపు దానిలో ఒకటి, మిగిలిన మూడింటిలో రెండేసి చొప్పున మొత్తం ఏడు రక్తనాళాలు. ఒకేసారి మూడు కండరాలను కోస్తే కంటి ముందుభాగానికి రక్తం చాలక చూపుకే ప్రమాదం రావచ్చు. పెద్దవయసు వాళ్ళకూ, షుగరు, రక్తపోటు వున్నవాళ్ళకూ ఈ భయం ఎక్కువ. అందుకే 1964లో జెన్సన్ అనే వైద్యుడు కండరాలను గుడ్డు నుంచి విడదీయకుండానే చీల్చి పక్కదానితో జతకట్టే పద్ధతి చెప్పాడు. 2005లో నిషిదా అనే జపాన్ వైద్యుడు చీల్చకుండా, విడదీయకుండా కేవలం కుట్లతోనే పక్కకు జరిపే మార్గం చూపించాడు. కొందరు డాక్టర్లు ముక్కు వైపు కండరాన్ని కోయకుండా దానిలోకి బోటాక్స్ ఇంజక్షన్ ఇచ్చి కొన్ని నెలలపాటు సడలిస్తారు. కంటి కండరాలకు ఈ మందు వాడటం అమెరికాలో ఆలన్ స్కాట్ అనే వైద్యుడు మొదలుపెట్టి 1980లో ప్రకటించాడు. ముడతలు పోవటానికి వాడుతున్న మందు మొదట మెల్లకంటి కోసం వచ్చిందంటే ఆశ్చర్యంగా లేదూ! డాక్టరు "ఈ ఆపరేషన్ రెండు విడతల్లో చేద్దాం" అంటే డబ్బు కోసమని అనుమానపడకండి. రక్తనాళాల సంగతి అడగండి, విప్పి చెబుతారు.

ఆపరేషన్ అనగానే మన ఆడవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న – "కనుగుడ్డు బయటికి తీసి బల్ల మీద పెడతారట కదా?" తీయరు. అలా తీయటం జరిగే పని కాదు. కన్ను తన చోటే వుంటుంది. పైనున్న పల్చని పొరను తొలగిస్తే కండరం కనిపిస్తుంది. పని అంతా గుడ్డు పైభాగం మీదే గాని లోపల కాదు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. పెద్దవాళ్ళకు కొన్నిసార్లు కంటి చుట్టూ మాత్రమే ఇస్తారు. కుట్లు సాధారణంగా వాటంతట అవే కరిగిపోయే దారంతో వేస్తారు. 1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే వైద్యుడు ఏడేళ్ళ కుర్రాడికి మెల్లకంటి కండరం కోసినప్పుడు మత్తుమందే లేదు. ఈథర్ మత్తు లోకానికి తెలిసింది 1846లో. ఆ కుర్రాడిని తలచుకుంటే మనం ఎంత సుఖపడ్డామో తెలుస్తుంది.

ఇప్పుడు అసలైన సంగతి. ఆపరేషన్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు?

స్కూటరు వెనక కూర్చున్న ఒక కోడలి చున్నీ చక్రంలో చుట్టుకుని పడిపోయింది. తలకు దెబ్బ. ప్రాణం దక్కింది గాని ఎడమ కన్ను కణత వైపు బొత్తిగా తిరగలేదు. ఎనిమిది నెలలు గంత కట్టుకుంది. తరువాత కండరాలు మళ్ళించే ఆపరేషన్ జరిగింది. మూడు వారాల తరువాత వచ్చి "అన్నం వడ్డిస్తుంటే ఒక్క కంచమే కనిపిస్తోంది డాక్టరుగారూ" అని నవ్వింది. ఆ వెంటనే "కానీ ఎడమ పక్కకు ఓరగా చూస్తే ఇంకా రెండే" అని దిగులుపడింది. ఆ మాట నేను ముందే చెప్పాను, కానీ ఆశ అలాంటిది.

చచ్చిన నరాన్ని ఏ కత్తీ బతికించలేదు. అరువు తెచ్చిన బలం సొంత బలం కాదు. ఎదురుగా చూసినప్పుడు, కిందికి చూసి చదువుకునేటప్పుడు, వంట చేసుకునేటప్పుడు రెండు కళ్ళూ ఒకటిగా పనిచేయాలి, తల తిన్నగా నిలవాలి – ఆపరేషన్ లక్ష్యం ఇదే. పూర్తిగా పక్కకు చూడాలంటే కన్నుతో పాటు తల కూడా తిప్పవలసిందే. కొందరికి రెండోసారి ఆపరేషన్ కావలసిరావచ్చు. ఇది ముందే తెలిసి బల్ల ఎక్కిన వాళ్ళు తృప్తిగా ఇంటికి వెళతారు. తెలియక ఎక్కినవాళ్ళు బాగుపడి కూడా ఏడుస్తారు.

మన తొమ్మిదేళ్ళ పాప సంగతికి వస్తాను. ఆ పాపకు దెబ్బ తగలలేదు, జబ్బు చేయలేదు. తల్లి కడుపులో వుండగానే ఆ ఆరవ నరం ఏర్పడలేదు. దాని బదులు మూడవ నరం కొమ్మ ఒకటి దారితప్పి కణత వైపు కండరంలోకి వచ్చింది. ఈ లోపాన్ని అమెరికాకు చెందిన డ్యుయేన్ అనే వైద్యుడు 1905లో వివరంగా రాశాడు గనుక ఆయన పేరే పెట్టారు. ఇది ఆడపిల్లల్లో, ఎడమ కంటికి ఎక్కువ. గుర్తు ఏమిటంటే, ఆ కన్ను ముక్కు వైపుకు తిరిగినప్పుడు కాస్త లోపలికి లాక్కుపోయి రెప్పల సందు చిన్నదవుతుంది. పుట్టుకతో వచ్చింది కాబట్టి పిల్లలకు రెండుగా కనిపించటం అరుదు. ముఖం తిన్నగా వుండి, చూపు బాగుంటే డ్యుయేన్ పిల్లలకు ఆపరేషనే అక్కర్లేదు. తల మరీ తిరిగిపోతున్నా, ఎదురుగా చూసినప్పుడు కన్ను ఒరిగివున్నా అప్పుడే చేస్తారు. ఈ పిల్లలకు కణత వైపు కండరాన్ని బిగించటానికి సాధారణంగా ఇష్టపడరు, కన్ను ఇంకా లోపలికి లాక్కుపోతుంది కనుక. ముక్కు వైపుదాన్ని సడలించటమే మామూలు పద్ధతి. పాపకు అదే చేశారు. కన్ను ఇప్పటికీ ఎడమకు పూర్తిగా తిరగదు. తల మాత్రం నిలబడింది.

"మెల్లకన్ను అదృష్టం, దాని జోలికి పోకూడదు" అనే అమ్మమ్మలు ఇంకా వున్నారు. "ఆడపిల్ల కంటికి కత్తి పెట్టించారని తెలిస్తే సంబంధాలు రావు" అనే తండ్రులూ వున్నారు. ఏళ్ళ తరబడి మెడ ఒకే పక్కకు తిరిగి వుంటే మెడ కండరాలు బిగిసిపోతాయి. సోమరిపోయిన కంటికి చూపు తగ్గుతుంది. అవి అదృష్టాలా? దాచిపెట్టి చేసిన పెళ్ళి కన్నా తిన్నగా చూడగలిగిన కళ్ళు ఆ పిల్లకు ఎక్కువ ఆస్తి.

ఆపరేషన్ అయ్యాక కన్ను కొన్ని వారాలు ఎర్రగా వుంటుంది. మొదట్లో కొద్దిరోజులు రెండుగా కనిపించవచ్చు. భయపడకండి. చుక్కలు వేళకు వేయండి. డాక్టరు చెప్పేవరకు తలంటు, కాటుక, ఈత, పొగపొయ్యి వద్దు. చనుబాలు, ఆముదం, ఆకుపసరు – ఇవేవీ కంట్లో వేయకూడదు. నొప్పి పెరిగినా, చీము పట్టినా, చూపు తగ్గినా వెంటనే చూపించాలి.

చివరగా ఒక చిన్న పరీక్ష. ఈ సాయంత్రం పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకోండి. గడ్డం కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఒక చెంచా మెల్లగా కుడికి, ఎడమకు జరపండి. చూపుతోనే వెంబడించమనండి. చివరకు వెళ్ళినప్పుడు నల్లగుడ్డు కణత వైపు మూల దాకా వెళుతోందా, లేక ఒక కంటికి ఆ మూల తెల్లగానే మిగిలిపోతోందా చూడండి. మిగిలితే కంటి డాక్టరుకు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు.

ఈసారి పిల్ల ఓరగా చూస్తే వంటింట్లోంచి కేక వేయకండి. చెయ్యి తుడుచుకుని వచ్చి, ఆ పిల్ల కళ్ళలోకి ఒక్కసారి తేరిపార చూడండి.